టీచరుగారి రెండు పెడళ్ళ కారు

మా ఫిజిక్స్ టీచరుగారు పోయిన నెల అమలాపురంలో కన్నుమూశారు. పొద్దున్నే వాళ్ళ తమ్ముడుగారు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందమ్మా, నిద్రలోనే. మీ కాన్వెంటు పిల్లలందరికీ చెప్పు" అన్నారు. నాకు ఫోన్లో మాట్లాడటం చేతకాదు. అందరికీ రెండు వాక్యాలు రాసి పంపాను. వచ్చిన జవాబుల్లో సగం ఏడుపులు, సగం నవ్వులు. ఆవిడ క్లాసులో నవ్వినంతగా మేం ఇంకెక్కడా నవ్వలేదు మరి.

ఆవిడ ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆటో కోసమో, తమ్ముడి బండి కోసమో గుమ్మంలో కూర్చుని ఎదురు చూశారు. రిటైరయ్యాక ఎవరో వాడిన ఆటోమేటిక్ కారొకటి కొనుక్కున్నారు. దానికి క్లచ్ ఉండదు. బ్రేకూ ఆక్సిలరేటరూ, రెండే పెడళ్ళు. కుడి కాలు ఒక్కటి చాలు. "ఒకరు తీసుకెళ్తే పనవుతుందమ్మా, మనమే వెళ్తే ప్రయాణమవుతుంది" అనేవారు. శనివారాలు అయస్కాంతాలూ కటకాలూ కార్లో వేసుకుని ఉప్పలగుప్తం వైపు చిన్న చిన్న బడులకి వెళ్ళి, పిల్లలకి ప్రయోగాలు చూపించేవారు. డిగ్రీ అయ్యి ఇంట్లో పుస్తకాలు చదువుకుంటున్న నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవారు. దారి పొడుగునా నేను నోరు విప్పకపోయినా ఏమీ అనుకునేవారు కాదు. ఎదురొచ్చిన కొబ్బరి లారీలతో మాట్లాడుకునేవారు. "ముందు మీరెళ్ళండి బాబూ, మీకు బరువెక్కువ!"

పోయినేడు వర్షాల తరవాత ఆ కారు చప్పుడు మొదలుపెట్టింది. ఆగి ఉన్నప్పుడు, చెంబులో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. తమ్ముడుగారు విన్నారు. "ఇంజను పోయిందక్కా. అమ్మేద్దాం. ఎక్కడికెళ్ళాలన్నా నేను లేనా?" ఆయన ప్రేమగానే అన్నారు. కానీ టీచరుగారి చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. కారు పోతే మళ్ళీ గుమ్మమే.

"ముందు విందాం, తరవాత అమ్ముదాం" అన్నారు చివరికి. ముగ్గురం మెకానిక్ గారి షెడ్డుకి వెళ్ళాం. ఆయన ఎక్కువగా చేసేది రొయ్యల చెరువుల ఇంజన్లూ, పడవ ఇంజన్లూను. ఈ కారు గేరుబాక్సు దగ్గర ఆయిలు కారుతుంటే, వర్షాలకి ముందు దింపి బాగుచేసింది కూడా ఆయనే. వంగి విని, "ఇంజనేనండి. లోపల బేరింగు కొట్టేస్తోందండి, ఆయ్" అన్నారు.

"స్టార్టరేమోనండీ?" అన్నారు టీచరుగారు.

"స్టార్టరైతే స్టార్టు చేసినప్పుడే అరుస్తుంది కదండీ మేడంగారూ."

"అదీ నిజమే. నాకు సున్నా." నా వైపు తిరిగారు. "వారం వారం పక్కన కూర్చునేదానివి నువ్వు. ఏం విన్నావమ్మా?"

నేనేదో గొణిగాను.

"నీకంటే ఆ ఇంజనే నయమమ్మా, వినిపిస్తోంది" అన్నారు తమ్ముడుగారు.

"గేరులో వేస్తే చప్పుడు తగ్గుతోందండీ" అన్నాను.

టీచరుగారు మెకానిక్ గారిని చూశారు. "బేరింగైతే, గేరులో వేసి ఇంజను మీద బరువు పడ్డప్పుడు ఇంకా గట్టిగా కొట్టాలి కదండీ?"

ఆయన తల గోక్కున్నారు. "కొట్టాలండి మరి."

"అయితే గేరుబాక్సుతో లంకె విప్పేసి ఇంజన్ని ఒక్కదాన్నే తిప్పండి. అరిచేదెవరో తేలుతుంది."

క్లాసులోనూ ఇంతే. ఇద్దరు కబుర్లాడుతుంటే ఒకరిని వేరే బెంచీకి పంపి వినేవారు.

మెకానిక్ గారు కారు కిందికి దూరి ఆ లంకె బోల్టులు తీశారు. స్టార్టు చేసేముందు ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూశారు. టీచరుగారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఇంజను అందుకుంది. గులకరాళ్ళ చప్పుడు లేదు.

"ఇంజను బంగారమండీ బాబూ!" అని అరిచారు మెకానిక్ గారు, పోయిందన్నది తానేనని మర్చిపోయి.

గేరుబాక్సు దింపాక అసలు దోషి దొరికింది. దాన్ని ఫ్లెక్స్ ప్లేటంటారు. అన్నం కంచమంత వెడల్పున్న పలచని ఉక్కు పళ్ళెం. ఇంజను తిరుగుడుని గేరుబాక్సుకి అందించేది అదే. దాని నడిమి బోల్టు కన్నాల చుట్టూ సన్నని పగుళ్ళు.

"ఇంత ఇంజనుకి పూతరేకంత ప్లేటేంటండీ? మామూలు కార్లకి బండలాంటి చక్రం ఉంటుంది!" అన్నారు మెకానిక్ గారు.

"వంగడానికే అంత పలచగా చేసేరండీ. దీని వెనక నూనె నిండిన డబ్బాలాంటి కన్వర్టరు వేడెక్కి కాస్త ఉబ్బుతుంది. అప్పుడిది సర్దుకోవాలి. కానీ సర్దుకునేవాళ్ళని కూడా ఎంతని వంచుతాం?" టీచరుగారు ముడిలోంచి జడపిన్ను తీసి అటూ ఇటూ వంచారు. కాసేపటికి టప్పున విరిగింది. "మరి దీన్నెవరు ఇంతలా వంచేరంటారు?"

మెకానిక్ గారు ఇంజను అంచున వేలు పెట్టి రెండు ఖాళీ కన్నాలు తడిమారు. గొంతు తగ్గించి, "ఇక్కడ డోవెల్ పిన్నులుండాలండి. ఉప్పు గాలికి తుప్పెక్కిపోయేయని పోయినసారి నేనే పీకి పారేసేనండి. చుట్టూ అన్ని బోల్టులున్నాయి కదా అని..." అన్నారు.

"బోల్టు పట్టుకుంటుందండీ. చోటు చూపించేది పిన్ను."

పిన్నులు లేక గేరుబాక్సు వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. ఇంజను తిరిగిన ప్రతిసారీ పళ్ళెం అటూ ఇటూ వంగి, ఆ జడపిన్నులాగే అలిసిపోయింది. మెకానిక్ గారు తల దించుకునే ఉన్నారు. టీచరుగారు చూడలేకపోయారు. "బాధపడకండి. నేనో ఏడాదంతా పదో తరగతికి ఒక సూత్రం తప్పు చెప్పేను."

"మరి పిల్లలు పరీక్షలో ఏం రాసేరండీ?"

"పుస్తకంలో ఉన్నదే రాసేరు. నా మాట విన్నదెవరు గనక!"

తమ్ముడుగారు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

కొత్త పళ్ళెం, కొత్త పిన్నులు వచ్చాయి. తరవాత ఏ గేరుబాక్సు దింపినా మెకానిక్ గారు పిన్నులు బిగించి, ఫొటో తీసి ఆవిడకి పంపేవారు. ఆవిడ పరీక్ష పేపరు దిద్దినట్టు దానిమీద టిక్కు పెట్టి తిప్పి పంపేవారు. పోయేముందు శనివారం కూడా ఆవిడే నడిపారు. నేను పక్కనే ఉన్నాను. మాట్లాడకుండానే ఒక మనిషితో అంత హాయిగా ఉండొచ్చని నేర్చుకున్నది ఆ సీట్లోనే.

తమ్ముడుగారు కారు అమ్మలేదు. మొన్న మా ఇంటి ముందు ఆపి, "రామ్మా, అక్క వెళ్ళే ఆ బడులెక్కడో నాకు తెలీదు" అన్నారు. ఆయనది ఎప్పుడూ మూడు పెడళ్ళ బండే. కాలవ గట్టు మీద ప్రతి మలుపులోనూ ఆయన ఎడమ కాలు లేచి, లేని క్లచ్ కోసం ఖాళీ జాగాని మెల్లగా నొక్కుతూనే ఉంది.