నడుము విరిగిన ఎలుక

నా చిన్నప్పుడు పావగడలో నా నోటికి జడవని పెద్దలు లేరు. మూడో తరగతిలో నేను బడి మానేశానని మా అమ్మ అందరికీ చెప్పుకునేది గానీ, నిజానికి బడే నన్ను వదిలించుకుంది. మేష్టరు నశ్యం పీల్చి, తుమ్ము రాబోయే ముందు ముఖం ఎలా పెడతాడో చేసి చూపించాను. తరగతి అంతా నవ్వింది, మేష్టరు నవ్వలేదు. ఆడపిల్లకు ఆ మాత్రం చదువు చాలని ఇంట్లోనూ అన్నారు. ఆ తర్వాత నాకు వీధే బడి.

ఆ వీధి కూడా నాతోపాటే పెరుగుతూ ఉండేది. మైసూరు మహారాజుల కాలం అది. కొండ కింద మా ఊరికి కొత్తగా బస్సు రావడం మొదలైంది. బస్సు ఆగే చోట మొదట ఒక కాఫీ హోటలు పుట్టింది, దాని పక్కన బట్టల అంగడి, ఆపైన సైకిళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు. హొసకోట వాళ్ళూ మంగళవాడ వాళ్ళూ తాలూకా కచేరీలో పనిమీద వచ్చి, తిరుగు బస్సు కోసం మా పక్కింటి పంచలో కూర్చునేవాళ్ళు. ఆ పంచలో పక్కింటి అత్త బొరుగులు వేయించేది. మంగలం కుండలో ఇసుక కాచి, బియ్యం పోసి తిప్పితే చిటపటమని పొంగి బయటికి దూకేవి. భర్త పోయిన మనిషి. ఒక్కతే కూతురు, హొసకోటకు ఇచ్చింది. ఆ అమ్మాయి అప్పుడు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి.

అత్తకు భయం జాస్తి. బల్లి పడితే మూడిళ్ళకు వినిపించేలా అరిచేది. నాకు అంతకన్నా వేడుక ఏముంటుంది? వెనకనుంచి పోయి "పామత్తా!" అంటే చేతిలో చేట ఎగిరిపోయేది. "నీ నోట్లో మన్ను పడ, నా పానం తీస్తివి కదే!" అని తిట్టి, తనే నవ్వి, నా ఒళ్ళో గుప్పెడు బొరుగులు పోసేది.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో ప్లేగు భయం ఉండేది. ఎవరింట్లోనైనా ఎలుక దానంతటది చచ్చి పడితే "ఎలుక పడింది" అనేవాళ్ళు. ఆ మాట పుట్టిందంటే ఇంటికి తాళం వేసి, ఊరి బయట చేలలో గుడిసె వేసుకుని, పెద్దలు రమ్మనేదాకా అక్కడే ఉండాలి. అంతకు ముందు ఏడాది మేమూ అట్లా వెళ్ళాం. పెద్దవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, నాకు మాత్రం అది తిరునాళ్ళు. శనక్కాయల చేలో ఆటలు, ఆరుబయట వంటలు. అందుకే ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలియలేదు. తెలియలేదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కొంచెం తెలుసేమో.

మా ఇంట్లో రాగుల గాదె దగ్గర ఎలుకల కోసం ఒక బండ ఎత్తిపెట్టేవాళ్ళు. కింద పెట్టిన గింజను ముట్టుకుంటే బండ మీద పడుతుంది. ఒక పొద్దున దాని కింద ఎలుక చచ్చి ఉంది. దాన్ని తోక పట్టుకుని తీసుకెళ్ళి, అత్త బొరుగుల గంప పక్కన పెట్టి, స్తంభం చాటున నిలబడ్డాను. అత్త చూసి గెంతాలి, నేను నవ్వాలి. అంతే నేను అనుకున్నది.

అత్త కన్నా ముందు బస్సు కోసం కూర్చున్న ఒకాయన చూశాడు. "ఎలుక పడిండాదప్పో!" అని కేక వేశాడు. మరుక్షణం పంచలో మనిషి లేడు. వీధి వీధంతా దూరంగా నిలబడి చూస్తోంది.

బల్లికి అరిచే మా అత్త ఆ రోజు అరవలేదు. పుల్ల తీసుకుని ఎలుకను తిరగేసి చూసింది. "బెదరొద్దండప్పా. దీని నడుము ఇరిగిండాది సూడండి. ప్లేగుతో సచ్చింది కాదిది. యాడనో బండ కింద పడి సచ్చినదాన్ని ఎవరో తెచ్చి ఈడ పెట్టినారు."

"సచ్చిన ఎలుకను తెచ్చి పెట్టేదానికి ఎవురికి పనిల్యాదమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన.

"బిడ్డకు నెలలు నిండినాయి కదా, ఇల్లు ఇడిసేకి మనసు రాక అబద్దాలు చెప్తా ఉండాది" అంది ఎదురింటామె. "నీ బిడ్డ కోసరం ఊరినంతా సంపుతావా?"

అత్త ఒక్కొక్క ముఖమే చూస్తూ వచ్చి, స్తంభం దగ్గర నా ముఖం మీద ఆగింది. ఆమెకు తెలిసిపోయింది. నేను చెబుతానేమోనని కాసేపు చూసింది. ఊరందరి మీదా నోరు చేసుకునే నేను స్తంభం వెనక్కి ఇంకా జరిగాను. చివరికి ఆమే చూపు తిప్పుకుంది. నా పేరు మాత్రం చెప్పలేదు. సాయంకాలానికి తల్లీ కూతుళ్ళు మూట కట్టుకుని చేలలోకి వెళ్ళిపోయారు.

మూడో రోజు తుంపర పడుతుండగా ఆ గుడిసెలో ఆడపిల్ల పుట్టింది. ఎలుక పడిన ఇంటివాళ్ళని మంత్రసాని రానంది. అత్త ఒక్కతే కూతురికి కాన్పు చేసుకుంది. మా ఇంట్లో ఈ సంగతి చెప్పుకుంటుంటే నా చేతిలోని సంగటి ముద్ద నోటిదాకా పోలేదు.

రెండు రోజులు ఓర్చుకుని గుడిసెకు వెళ్ళాను. అత్త తడిసిన పుల్లలు ఊదుతోంది. "అత్తా, ఆ ఎలుకను పెట్టింది నేనే" అని ఏడ్చాను.

"తెలుసులే" అంది, పొయ్యి మీదనుంచి తల ఎత్తకుండా. "నాకు తెలిసిందే నాకు చెప్తే నాకేమొస్తాది పాపా? యాడ నన్ను అబద్దాలదన్నారో ఆడ చెప్పు పో."

"కొడతారత్తా."

"కొడతారు" అంది. మళ్ళీ పొయ్యి ఊదుకుంది.

బస్సు వచ్చే వేళకు వీధిలోకి వెళ్ళి, తాళం వేసిన ఆ ఇంటి ముందు నిలబడి చెప్పాను. అందరూ పకపకా నవ్వారు. "మొదలుపెట్టిందప్పా ఈ పిల్ల! ఈ పొద్దు ఎలుక కథనా?" అన్నారు. నిజమేనని ఏడ్చాను. "ఏడ్చేది గూడా బలే చేస్తాదే!" అని ఇంకా నవ్వారు. అప్పటిదాకా నేను నవ్వించి సంపాదించుకున్న పేరు ఆ రోజు నాకే అడ్డం పడింది. నవ్వుల చప్పుడుకు మా నాయన బయటికి వచ్చాడు. బండ పడి ఉన్నా కింద ఎలుక ఎందుకు లేదని నాలుగైదు రోజులుగా ఆలోచిస్తున్న మనిషి. నా ముఖం చూశాడు. చెంప మీద ఒక్కటే కొట్టాడు. వీధిలో నవ్వు ఆగిపోయింది. ఆ దెబ్బే నాకు సాక్ష్యం చెప్పింది.

పెద్దలు ఆ పూటే వెళ్ళి అత్తను ఇంటికి పిలుచుకొచ్చారు. కానీ ఆమె అబద్ధాలాడిందన్న మాట అప్పటికే బస్సెక్కి హొసకోట చేరింది. బిడ్డను చూడడానికి వియ్యపురాలు రాలేదు. మరునాడు నాయన నన్ను హొసకోట బస్సెక్కించి తనూ ఎక్కాడు. నేను బస్సెక్కడం అదే మొదలు. దారిలో ఏముందో నాకు గుర్తు లేదు, తల ఎత్తితే కదా!

ఆ వియ్యపురాలు నేను చెప్పిందంతా విని, "ఆయమ్మను మేము ఏమేమన్నామో నువ్వు వినాల" అంది. ఒక్కొక్కటే చెప్పింది. "తల్లి అబద్దాలదైతే బిడ్డ యాడ నిజం చెప్తాది" అని కోడలికి కబురు కూడా పంపారట. ఆ కబురు గుడిసెకే చేరి ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు పొయ్యి ఊదుతున్న అత్త అప్పటికే ఆ మాట విని ఉందో లేదో, ఆమె బతికినంత కాలమూ అడగలేకపోయాను. వియ్యపురాలు మాతోపాటే అదే బస్సులో వచ్చి మనవరాలిని ఎత్తుకుంది. అత్త నాకు మళ్ళీ గుప్పెడు బొరుగులు పోసింది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

తప్పు చేసినప్పుడల్లా ఎవరెవరు విన్నారో లెక్కపెట్టుకుని, వాళ్ళ ముందుకు పోయి చెప్పడం నాకు అలవాటైంది. కానీ ఆ మొదటి తప్పునే నేను పూర్తిగా చెప్పుకోలేదు. ఆ పొద్దు పంచలోంచి లేచి పరిగెత్తిన వాళ్ళలో ఏ ఊరో, ఎవరో తెలియనివాళ్ళు కొందరున్నారు. పోయిన ఊళ్ళలో వాళ్ళు ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. వాళ్ళ మనవలు ఎవరైనా ఇది చదివితే తెలుసుకోండి నాయనా: ఆమె నిజమే చెప్పింది. ఎలుకను పెట్టింది నేను.