సన్నమంట గోలి

పోయిన నెల ఒక పొద్దున రుద్రూర్ నుంచి ఫోన్ వచ్చింది, మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఇక లేడని. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను.

ఆయన బెల్లం వండేవాడు. ఏళ్ల తరబడి చెరుకు పిప్పి మంట ముందు నిలబడి పొగ మింగాడు, దానికి తోడు బీడీలు. చివరికి ఊపిరితిత్తులు పాడై నాలుగడుగులు వేస్తే ఎగపోసేవాడు. నిజామాబాద్ డాక్టరమ్మ రోజంతా మెల్లగా పనిచేసే గోలి రాసింది. దంచకుండా, నమలకుండా అట్లనే మింగమని చెప్పింది. పెద్దబాపు వింటేగా!

మా ఇంట్లో గోలి అంటే మిరియాల రోట్లో దంచి, బెల్లంలో కలిపి నాకేదే. పైగా ఆయన ఏదైనా పగలగొట్టి చూడందే నమ్మడు, బెల్లం ముద్దయినా సరే, మందయినా సరే. "లోపల ఏమున్నదో సూడొద్దా?" అనేవాడు. దంచి తిన్న పూటే చేతులు వణికాయి, వాంతులయ్యాయి. కూర్చోలేడు, పడుకోలేడు, ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి ఒకటే తిరుగుడు. "గుండె ఉరుకుతున్నదే, జర పట్టుకో" అని పెద్దమ్మ చెయ్యి లాక్కుని ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. జీపు మాట్లాడి నిజామాబాద్ తీసుకుపోయాం.

ప్రాణం దక్కింది గానీ గోలి మీద నమ్మకం పోయింది. "ఇగ ముట్ట" అని మొండికేశాడు. ముట్టకపోతే ఊపిరాడదు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది.

"పెద్దాయనా, పాకం కింద పిప్పంత ఒక్కసారే ఎగేస్తవా?"

"ఎందుకేస్త? మాడిపోతది. సన్నమంట పెట్టాలె."

"గీ గోలి గూడ గంతే. పొద్దంత సన్నగ మండాలె. నువ్వు దంచి, అంత ఒక్కసారే ఎగేసినవ్."

ఆయన గోలి కోసం చెయ్యి చాపాడు.

అప్పటి నుంచి అది మా ఇంట్లో సన్నమంట గోలి. జ్వరానికి ఏ డాక్టరు మందు రాయబోయినా జేబులోంచి గోలీల షీటు తీసేవాడు. "గిది మింగుతున్న, సూస్కొని రాయి సారూ." ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు మింగేవాడు కాదు. బీడీ మానేస్తున్నానని కూడా డాక్టరమ్మకు ముందే చెప్పాడు, మానితే మోతాదు మార్చాలందట. ఇన్నేళ్లు బతికాడు, నా పెళ్లిలో బంతి వడ్డించాడు, నా బిడ్డనెత్తుకుని చేను చూపించాడు. ఆ డాక్టరమ్మకు నేను రుణపడి ఉన్నాను.

రోటి బండ మాత్రం ఆ వారమే మాయమైంది. మళ్లీ చెయ్యి ఊరుకోదని ఆయనే దాచాడు. పెద్దమ్మ చెంబు అడుగుతో మిరియాలు నలుపుతూ తిట్టేది. ఆయనకు చెవుడు వచ్చేది.

దినాలయ్యాక అటక సర్దుతుంటే పాత బెల్లం కుండలో ఆ బండ దొరికింది. "పెద్దమ్మా, దొరికింది!" అని అరిచాను.

"నాకెరుకే," అంది కింద నుంచి. "అప్పుడే సూసిన. తీస్తే ఆయనకు మల్ల నిద్ర పట్టకపోవు. ఆడనే ఉండనియ్యి."

కింద చెంబుతో మిరియాలు నలుగుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది.