సమాధానపడమన్న ఆదివారం

మొన్న ఆదివారం రేపల్లెలో మా చర్చిలో ప్రభు సంస్కారపు గిన్నె దగ్గరికి రాగానే ద్రాక్షరసం వాసన ముక్కుకి తగిలింది. వెంటనే దయామణి టీచరుగారి గొంతు గుర్తొచ్చింది. ఆవిడ కిందటేడు పోయారు. నేను బడికి సరిగా వెళ్ళినవాణ్ణి కాను. బస్టాండులో పత్రికలు అమ్ముతూ, మిగిలినవి చదువుతూ నాకు నేనే చదువు నేర్చుకున్నాను. మనుషుల్ని చదవడం మాత్రం ముసలితనంలో, మా వీధి పిల్లలకి ట్యూషన్ చెప్పిన ఈ టీచరుగారి దగ్గరే అబ్బింది.

కొన్నేళ్ళ కిందటి మాట. పక్కింటి పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. పేరు రాయను, ఇది రాయడానికి ఆమె సరేనంది. తెనాలి హాస్టల్లో ఇంటర్ చదివే వాళ్ళన్న సెలవులకి వచ్చినప్పుడల్లా, ట్యూషన్ అయిపోయినా ఆ పిల్ల ఇంటికి కదిలేది కాదు. చదువు మీద శ్రద్ధ అనుకున్నారు అందరూ. టీచరుగారు అనుకోలేదు. ఓ సాయంత్రం పక్కన కూర్చుని, "ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందామ్మా?" అని అడిగి ఊరుకున్నారట. అప్పుడు ఆ పిల్ల చెప్పింది. అన్న తనతో చేయకూడని పని చేస్తున్నాడని, బయటికి చెబితే అమ్మ చచ్చిపోతుందని బెదిరించాడని.

"నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. నిన్ను కాపాడేవాళ్ళకి ఇది చెప్పాలమ్మా," అన్నారావిడ. అంతకుమించి గుచ్చిగుచ్చి అడగలేదు. తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళి, పిల్లల రక్షణ చూసే అధికారులకి చెప్పించారు.

తల్లి కుప్పకూలిపోయింది. "ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళేనండి. ఎవర్ని వదులుకోమంటారండీ?"

"ఎవర్నీ వదులుకోవద్దు తల్లీ. దానికి కాపలా కావాలి, వాడికి కట్టడి కావాలి. రెండూ ఒక ఇంట్లో కుదరవు."

కుర్రాణ్ణి తెనాలిలో పిల్లలు లేని వాళ్ళ బాబాయి ఇంట్లో ఉంచారు. కేసూ నడిచింది, వాడికి కౌన్సెలింగూ నడిచింది.

విషయం ఎలాగో మా చర్చి సంఘంలో పొక్కింది. మాకు ఒక అలవాటుంది: సంస్కారం తీసుకునే ముందు తగాదా పడ్డవాళ్ళు చేతులు కలిపి సమాధానపడాలి, అంటే రాజీపడాలి. మంచి అలవాటే. దాన్ని తెచ్చి ఆ పసిదాని నెత్తిన పెట్టారు మా పెద్దలు! ఓ శనివారం వాళ్ళింట్లో చేరారు. పిలవకపోయినా టీచరుగారూ నేనూ వెళ్ళాం.

"అన్నే కదమ్మా. చిన్నతనపు ఆటలు. రేపు చర్చికి వాణ్ణి రప్పిస్తాం, క్షమించానని చెయ్యి కలుపు. కేసు సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు సంఘ పెద్ద.

ఆ పిల్ల గోడకి అతుక్కుపోయింది. నాకు ఒళ్ళు మండింది, రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది. నేను నోరు తెరిచేలోగా టీచరుగారు అందుకున్నారు.

"ఏంటి పెద్దయ్యగారూ! పొలం గట్టు కోసం మీ తమ్ముడితో మాటలు మానేశారు, జుట్టు కూడా నెరిసిపోయింది. మీకే ఇంకా సమాధానం కుదర్లేదు. ఈ పిల్లకి తెల్లారేసరికి కుదరాలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం కందగడ్డయింది. "క్షమించమని దేవుని వాక్యంలో లేదాండీ?"

"ఉందండి. పిల్ల నోట్లోంచి ఆ మాట పెద్దలు లాక్కోవాలని మాత్రం లేదు. ఇంకోమాట, ఆటంటే ఇద్దరికీ సంతోషంగా ఉండాలి. అటు చూడండి దాన్ని."

అందరూ చూశారు. అంతవరకూ తల దించుకుని కూర్చున్న తండ్రి లేచి కూతురి పక్కన నిలబడ్డాడు. "రేపు వాడు రాడండి. మా అమ్మాయి చెయ్యి కలపదు. కేసు సంగతి మీరు చూడక్కర్లేదు. ఇక మీరు వెళ్ళిరండి," అన్నాడు. ఆ పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

అన్నీ ఒక్కసారే బాగుపడలేదు. తల్లి ప్రతి వారం కూతుర్ని బాపట్లలో కౌన్సెలర్ దగ్గరికి బస్సులో తీసుకెళ్ళేది. నేను ఆ పిల్లని చూసి మొహం దీనంగా పెడితే టీచరుగారు ఊరుకునేవారు కాదు: "ఆ జాలి చూపు మానండి బాబాయిగారూ. పేపరు చేతికిచ్చి తప్పుల్లేకుండా చదవమనండి."

ఆ పిల్ల ఇప్పుడు బాపట్లలో డిగ్రీ చదువుతోంది. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు తనంతట తానే చెప్పింది, క్షమాపణ అడుగుతానని వాళ్ళన్న కబురు పెట్టాడట.

"ఇప్పుడు వద్దన్నాను తాతయ్యా. ఎప్పటికైనా వినాలనిపిస్తుందో లేదో నాకే తెలీదు."

"సరేనమ్మా," అన్నాను. ఎందుకని అడగలేదు. అలా అడగకుండా ఉండగలగడమే దయామణి టీచరుగారు నాకు చెప్పిన చదువు.