తూర్పు గాలిలో నొప్పుల నూనె

దెయ్యాల కథలు చెప్పుకునే చోట మా పేటలో నన్ను కూర్చోనివ్వరు. మధ్యలో నవ్వేసి కథ పాడుచేస్తానని. పదహారేళ్లుగా విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకు వెళ్తున్నాను. సముద్రం మీద నేను చూసిన వింతలన్నిటికీ గాలో, నీటి వాలో, సారాయో కారణం. ఒక్కదానికి తప్ప.

ఇదంతా నా కుడి భుజం వల్ల వచ్చింది. వలలు లాగి లాగి అది అరిగిపోయింది. సీతమ్మధారలో ఒక డాక్టరు మాత్రలిచ్చాడు, తగ్గలేదు. చివరికి నన్ను ఆదుకున్నది ఆకుపచ్చ సీసాలోని నొప్పుల నూనె. రాసిన పది నిమిషాలకి చెయ్యి పైకి లేస్తుంది. కానీ ఆ వాసన! నేను వీధి మలుపు తిరగకముందే మా ఇంట్లో తెలిసిపోతుంది. మా ఆవిడ నాకు వేరే తువ్వాలు, వేరే దిండు పెట్టి, పడక వరండాలోకి మార్చేసింది. అన్నంలో కూడా అదే కంపని రోజూ గొడవ.

ఇల్లే నయం. బోటు మీద అసలు ఒప్పుకోరు. బోటు నడిపే సరంగు అప్పన్న నాకు వరసకి బావ. ఆ వాసన ఐసులో చేరితే రొయ్యలు ఎవరూ కొనరని, గంగమ్మ తల్లికి గిట్టదని ఆయన పట్టు. అందుకని వేటకు నాలుగు రోజుల ముందే నూనె మానేసి, శనగపిండితో తోముకుని, నిమ్మచెక్క రుద్దుకుని వెళ్లేవాణ్ణి. అయినా జెట్టీ మీద అందరి ముందూ చొక్కా విప్పించి, భుజం వాసన చూసి గానీ ఎక్కనిచ్చేవాడు కాదు. సంతలో ఎద్దుని కూడా అలా చూడరు.

తిరిగొచ్చాక రాసుకుందామని ఆ ట్రిప్పుకి ముందు రోజు కొత్త సీసా కొన్నాను. పాతది అయిపోయింది. కొత్తదాన్ని సీలు విప్పకుండా కిటికీ పైన పెట్టి బయల్దేరాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆరో రోజు మధ్యాహ్నం. భోజనాలు అవుతున్నాయి. తూర్పు గాలి వీస్తోంది. ఉన్నట్టుండి వాసన. లీలగా కాదు, ఎవరో నా ముక్కు కింద సీసా మూత తీసినట్టు. నేను నోరు తెరిచేలోపే నాతో వలలు లాగే కళాసీలు నలుగురూ నా వైపు తిరిగారు. అప్పన్న కేబిన్‌లోంచి కేకేశాడు.

"ఏటి బావా, ఎక్కడ దాసినావు? తియ్, సముద్రంలో ఇసిరేత్తాను."

నా సంచి బోర్లించారు. దుప్పటి దులిపారు. భుజం వాసన చూశారు. చెమట తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బోటంతా తిరిగాను. వెనకవైపు డీజిల్ కంపు తప్ప మరేదీ లేదు. ముందుకి నడిచేకొద్దీ ఘాటు పెరుగుతోంది. ముందు కొసన నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాసన తూర్పు నుంచి, నీళ్ల మీంచి వస్తోంది.

"నాకాడ నేదు బావా. అటేపు తిప్పు, సూద్దాం. అక్కడేటో ఉంది."

అప్పన్న నన్ను ఎగాదిగా చూశాడు. "అరగంట. ఏటీ అగపడకపోతే జెట్టీలో దిగిపో. మళ్లీ నా బోటెక్కకు."

నాకు ఇద్దరు పిల్లలు. ఈ భుజంతో ఇంకో బోటు మీద నన్నెవరు పెట్టుకుంటారు? అయినా సరే అన్నాను. ముందు నిలబడి చెయ్యి అటూ ఇటూ చూపిస్తున్నాను, అప్పన్న చుక్కాని తిప్పుతున్నాడు. వాసన తగ్గితే వెనక్కి, పెరిగితే ముందుకి. కళాసీలు కూడా వెక్కిరింతలు మానేసి ముక్కులు ఎగబీలుస్తున్నారు. పాతిక నిమిషాలు దాటాయేమో, దూరంగా తెల్లగా ఏదో ఊగింది. తెడ్డుకి కట్టిన చొక్కా!

అది చిన్న ఫైబరు తెప్ప. అందులో ఇద్దరు, ఎలమంచిలి వైపు తీరం వాళ్లు, మామా అల్లుడూ. ఇంజను చెడిపోయి నాలుగు రోజులైంది. ముందు రోజే తాగే నీళ్లు అయిపోయాయి. వాళ్లని చూసి నేను అరిచిన అరుపులకి తర్వాత రెండు రోజులు నా గొంతు బొంగురుగానే ఉంది. నొప్పి సంగతే మరిచిపోయి ఆ చేత్తోనే ఇద్దర్నీ పైకి లాగాను. వాళ్లు ఎక్కాక చూస్తే వాసన లేదు.

మామ పేరు నూకయ్య. నీళ్లు తాగి మొదట అడిగిన మాట ఇది.

"ఆ మందు కొంచెం ఎట్టండి బావూ, నడుం ఇరిగిపోతన్నాది."

మందేదీ లేదన్నాడు అప్పన్న.

"నేకపోడమేటి? నిన్నటి నించీ మీ బోటు కాడ్నించి ఆ మందు వాసనొస్తన్నాది కదా! ఈడు ఈదుకుంటా పోతానని దూకబోతే, ఎవులో దగ్గర్లోనే ఉన్నారు ఆగరా అని కాలట్టుకు కూకున్నాను."

అల్లుడు తల దించుకుని ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తెప్పంతా వెతికాం. వల, తాడు, ఖాళీ డబ్బా ఉన్నాయి. నూనె సీసా లేదు. వాళ్ల వాసన మాకొచ్చిందనుకుందామంటే వాళ్ల దగ్గర నూనె లేదు. మా వాసన వాళ్లకి చేరిందనుకుందామంటే మా దగ్గరా లేదు. పైగా వాళ్లున్నది మాకు తూర్పున, రెండు రోజులుగా వీస్తున్నది తూర్పు గాలి. గాలి ఒకేసారి రెండు వైపులా వీయదు. మా పేటలో చిన్నపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

యారాడ కొండ కనిపించి హార్బరు దగ్గర పడ్డాక అప్పన్న చుక్కాని ఇంకొకరికిచ్చి నా పక్కకొచ్చాడు. అప్పుడు మెల్లిగా, "బుజం ఎలాగుంది బావా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన అలా అడగడం అదే మొదలు. ఇంటికెళ్లగానే కిటికీ పైన తడిమాను. సీసా అక్కడే ఉంది. సీలు సీలుగానే ఉంది.

ఎందుకో దాన్ని వాడబుద్ధి కాక ఇంకోటి కొనుక్కున్నాను. నెల తర్వాత నూకయ్య మా ఇంటికొస్తే, ఆయన ముందే ఆ కిటికీ పైన సీసా సీలు విప్పాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదే బావూ, ఇదే," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ సీసా ఆయనకే ఇచ్చేశాను.

దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ వాసన ఎక్కడిదో ఎంత ఆలోచించినా తేలలేదు. నూకయ్య అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. ఆయన నడుముకి ఆ నూనె రాస్తుంటే ఇంట్లో అందరూ ముక్కు మూసుకుని బయటికి పోతారట. అల్లుడు మాత్రం పోడట. రాసేది అతనేనట.