గుట్ట అవతలి పొగలు

మొన్న మండలాఫీసు గోడ మీది పటంలో మా ఊరు గొల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదువుతుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

మా ఊరి గుట్టతోనే లోకం అయిపోతుందనుకునేదాన్ని. ఒకనాడు గుట్ట అవతలికి నాట్లేయబోయిన అమ్మ పొద్దుగూకుతున్నా రాలేదు. ఇక రాదేమోనని ఏడ్చాను. కల్లు గీసే మా నాయన నన్ను భుజానెత్తుకుని గుట్టెక్కాడు.

అవతల మళ్లు, చెరువులు, ఊరి వెనక ఊరు, ఇంటింటి మీద పొయ్యి పొగ!

“గింతమందికి బువ్వ ఎవలు పెడుతరు నాయనా?”

“ఇంకెవలే పిచ్చిదానా! అగో, మడిల వంగింది సూడు, మీ అవ్వ!”

బురద కాళ్లతో ఎదురొచ్చిన అమ్మను ముట్టుకోవడానికే జంకాను.

అంతమందికి ఒక్క అమ్మ చాలదని పెద్దయ్యాక తెలిసింది. ఆ పొగల కింద ప్రతి ఊళ్లో ఎవరో ఒకరి అమ్మ అట్లాగే వంగి ఉండేదనీ తెలిసింది.