మరిడమ్మ గీజరు కవరు

కోటిపల్లి రేవు దగ్గర మరిడమ్మ ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపించేవారు. కవర్ల మరిడమ్మ అంటే ఇంకా తొందరగా చూపించేవారు. ఊళ్ళో ఎవరు ఫ్రిజ్ కొన్నా, మిక్సీ కొన్నా, గోడకి కొత్త టీవీ ఎక్కినా, ఆ సాయంత్రానికల్లా ఆవిడ మెడలో టేపు వేసుకుని ఆ ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. పిలవక్కర్లేదు. గ్యాస్ సిలిండరుకి కుచ్చిళ్ళు పెట్టి పరికిణీ కుట్టింది ఆవిడే. ఇన్వర్టరుకి జేబున్న కవరు కుట్టి, ఆ జేబులో కొవ్వొత్తి, అగ్గిపెట్టె పెట్టింది ఆవిడే. ఇక తన కుట్టుమిషనుకైతే రోజూ వాడేది ఒక కవరు, పండక్కి ఒకటి.

"వస్తువన్నాక దాని ఒంటిమీద ఏదో ఒకటి ఉండాలండి. దుమ్ము కొట్టుకుని అలా నిలబడి ఉంటే చూడ్డానికి నాకే సిగ్గేస్తది" అనేది.

ఆవిడ మొగుడు త్రిమూర్తులు పంటు మీద ఇంజిను డ్రైవరుగా చేసి మానేశాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే ఆ పెద్ద పడవ మీదే అతని వయసంతా గడిచింది. పని మానేశాక కూడా పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి రేవుకి వెళ్ళి, టీ తాగి, కొత్త డ్రైవరు ఇంజిను ఎంత తప్పుగా నడుపుతున్నాడో నలుగురికీ చెప్పి వస్తేగాని అతనికి అన్నం సహించేది కాదు.

"నాకూ ఒక కవరు కుట్టెయ్యవే, ఎండకి నల్లబడిపోతన్నాను" అని అతను ఆటపట్టించేవాడు.

"ఇంకా నల్లబడ్డానికి నీ దగ్గరేం మిగిలింది మావా?" అనేది మరిడమ్మ, మిషను తొక్కడం ఆపకుండా.

అలాంటి మనిషికి కీళ్ళవాతం వచ్చింది. ఆ జబ్బుకి ఊళ్ళో ఇంకెవరి చేతులూ దొరకనట్టు సరిగ్గా ఆ చేతుల్నే పట్టుకుంది. తెల్లారి లేచేసరికి వేళ్ళు కొంకర్లు పోయి ఉండేవి. సూదిలో దారం ఎక్కించడం మాట దేవుడెరుగు, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికే కళ్ళ నీళ్ళు తిరిగేవి. కాకినాడ డాక్టరు మాత్రలు రాసి, పొద్దున్నే బాగా వేడినీళ్ళు పోసుకోమన్నాడు, ఆ నీళ్ళలోనే చేతులు ముంచి కాసేపు వేళ్ళు ఆడించమన్నాడు. రోజూ అలా చేస్తే వేళ్ళు వంగిపోకుండా నిలబడతాయి, మానేస్తే బిగుసుకుపోతాయి, తర్వాత తన చేతిలో కూడా ఏమీ ఉండదని కచ్చితంగా చెప్పాడు.

ఇంట్లో రాగి బాయిలరు ఉంది. కొబ్బరి డొక్కలు వేసి రాజేస్తే చాలు, ఎన్ని నీళ్ళైనా మరిగేవి. కానీ ఆ పొగ మరిడమ్మకి పడేది కాదు, దగ్గి దగ్గి కూలబడేది. గ్యాసు పొయ్యి మీద గుండిగ పెట్టి కాచి, పెరట్లో స్నానాలగదికి మోసుకెళ్ళడానికి త్రిమూర్తులు నడుం పనికిరాదు. ఇంజిను హ్యాండిలు తిప్పీ తిప్పీ అది ఎప్పుడో పట్టేసింది. ఒకసారి మోయబోయి గడప దగ్గరే చతికిలబడ్డాడు. కూతురు వీరదుర్గ కాకినాడ నుంచి వచ్చి ఆ సంగతి చూసి, తల్లికి గీజరు కొని బిగించింది. మామూలుది కాదు, మొహం మీద ఎర్రంకెలు వెలిగే రకం. నీళ్ళు ఎంత వేడెక్కాయో ఎప్పటికప్పుడు అదే చూపిస్తుంది.

బిగించిన కుర్రాడు ఇంకా వీధి మలుపు తిరగలేదు, మరిడమ్మ టేపు పట్టుకుని స్టూలెక్కింది. మర్నాటికి గీజరు మీద ఎర్రపూల కవరు పడింది. అంకెలు కనబడటానికి ముందు చిన్న కిటికీ, దానికి మళ్ళీ ఒక రెప్ప.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. స్నానం చేసి, వేళ్ళు ఆడించుకుని, జుట్టు తడి ఆరకముందే మిషను దగ్గర కూర్చునేది. ఆ టకటక వింటే త్రిమూర్తులుకి ప్రాణం లేచొచ్చేది. తర్వాత ఒకరోజు, నీళ్ళు ఇంకా గోరువెచ్చన కాకముందే, గీజరు కుయ్యిమని కూసి ఆగిపోయింది. అంకెలు పోయి ఎర్ర దీపం ఒక్కటీ మిణుకుమంది. చాలాసేపటికి దానంతటదే మళ్ళీ వెలిగింది. రెండ్రోజులు బాగుండి మళ్ళీ అంతే. ఎండలు ముదిరాక రోజూ అదే వరస.

వీరదుర్గ ఫోనులో మెకానిక్‌ని పిలిపించమంది. త్రిమూర్తులుకి పౌరుషం వచ్చింది. జన్మంతా ఇంజిను మీద బతికినవాడు, గోడకి వేలాడే నీళ్ళ డబ్బాకి మెకానిక్‌ని పిలిస్తే రేవులో నలుగురూ ఏమనుకుంటారు? గీజరుని అటునుంచీ ఇటునుంచీ చూశాడు, చెవి ఆనించి విన్నాడు, తీర్పు చెప్పేశాడు.

"తేమే. కరెంటు సామానుకి తేమ తగిలితే ఇంక అంతే సంగతులు. పంటు మీద ఎన్ని చూళ్ళేదు! ఆవిరి లోపలికి పోతంది."

గోదావరి మీద బతికినవాడికి ఏ వస్తువు పాడైనా నీళ్ళే శత్రువుగా కనిపించడం వింతేమీ కాదు. అక్కడ చెడిపోయినవన్నీ తడిసే చెడిపోయాయి. కవరు కుట్టే మనిషికి ఏ జబ్బుకైనా కవరే మందుగా తోచడమూ వింత కాదు. ఇద్దరూ ఒకటై ఆ గీజరుకి వైద్యం మొదలుపెట్టారు.

మరిడమ్మ గుడ్డ కవరు తీసేసి రెగ్జినుది కుట్టింది. గీజరు ఇంకా తొందరగా ఆగింది. రెగ్జిను లోపల పాత తువ్వాలు అస్తరు వేసింది. ఇంకా తొందరగా ఆగింది. ఆగినప్పుడల్లా ఆవిడ చల్లనీళ్ళే పోసుకునేది. అడిగితే "కాగాయి మావా, బాగానే కాగాయి" అనేది. కాగలేదని ఆ వేళ్ళే చెప్పేవి. మిషను టకటక రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చింది. కుట్టమని ఇచ్చిన గుడ్డలు అరుగు మీద అలాగే పేరుకున్నాయి, ఇచ్చినవాళ్ళు ఒకరొకరే వచ్చి మొహమాటంగా పట్టుకుపోయారు.

ఒకనాడు త్రిమూర్తులు విసుగెత్తి ఉన్నాడు. రేవులో ఎవరో ఏదో అన్నారు, ఇంటికొచ్చేసరికి గీజరు మళ్ళీ ఆగి ఉంది. కవరు కిందనుంచి చెయ్యి పెట్టి చూసి, "ఇదిగో, ఇక్కడ వదులుగా ఉంది. నీ కుట్టు మునుపట్లా లేదే మరిడా. ఇలా కుడితే తేమ లోపలికి పోక ఏమవుద్ది?" అన్నాడు.

అంతవరకూ మరిడమ్మ కుట్టుకి ఎవరూ వంక పెట్టలేదు. ఆ రోజు నుంచి నాలుగు రోజులు ఆ వంకర వేళ్ళతోనే కూర్చుని, పళ్ళతో దారం లాగుతూ, కొత్త కవరు కుట్టింది. పైన రెగ్జిను, లోపల తువ్వాలు, అడుగున నాడా. నాడా బిగిస్తే చీమ కూడా దూరదు. కుట్టడం అయ్యాక గుడ్డ మీద మచ్చలు కనబడకుండా తుడిచింది. అవి వేలి చివర్ల నెత్తురు మచ్చలని త్రిమూర్తులుకి తెలుసు. తెలిసీ, "ఇప్పుడు బాగా బిగిసింది" అన్నాడు. ఆ మాట తర్వాత అతన్ని నిద్రపోనివ్వలేదు.

ఆ కవరు పడ్డాక గీజరు పట్టుమని కాసేపైనా వెలగలేదు. మరిడమ్మ వేళ్ళు అరచేతిలోకి వంగిపోయాయి. మిషను మీద పండగ కవరు కప్పేసి, "ఇంక తియ్యక్కర్లేదులే" అంది.

అప్పుడు వీరదుర్గ తండ్రిని అడగడం మానేసి, రామచంద్రపురం నుంచి కిరణ్ అనే మెకానిక్‌ని తనే పంపించింది. అతను వచ్చేసరికి మరిడమ్మ ముందు గదిలో మంచం మీద ఉంది. త్రిమూర్తులు అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, దారిలోనే తేమ సంగతి వివరించాడు. కిరణ్ ఆయ్, ఆయ్ అని తలాడిస్తూ విన్నాడు. నాడా ముడి విప్పి, కవరు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు కుట్టారండీ? భలే కుట్టారు."

"మా ఆవిడ."

"చాలా బాగుందండి. కానీ బాబాయ్ గారూ, దీని జబ్బు ఇదేనండి." గీజరు అడుగున వరుసగా ఉన్న సన్నని చిల్లులు చూపించాడు. "ఇక్కడ లోపల బోర్డుంటదండి. ఆ వేడి ఈ చిల్లుల్లోంచి బయటికి పోవాలి. మీరు కప్పేసి నాడా బిగించేశారు. పాపం ఊపిరాడక ఆగిపోతందండి. తేమా లేదు, ఏమీ లేదు."

కవరు లేకుండా గీజరు వేశాడు. ఎర్రంకెలు ఒకటొకటే పైకెక్కాయి. కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి.

త్రిమూర్తులు వంగి, ఆ చిల్లుల కింద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇంజిను గది మూత ఎండాకాలం ఎప్పుడూ మూయనివ్వని మనిషి అతను. మూస్తే వేడికి ఇంజిను పట్టేస్తుందని ఎంతమంది కుర్రాళ్ళని తిట్టాడో లెక్కలేదు. పడవ మీద తెలిసిన ముక్క ఇంట్లో ఎందుకు తోచలేదు? వేడినీళ్ళు అలా ధారగా పడుతుంటే, ఆవిడ ఇన్నాళ్ళూ పోసుకున్న చల్లనీళ్ళన్నీ అతని నెత్తిన పడ్డట్టయింది.

"బాబూ, ఈ ముక్క ఆవిడికి చెప్పకు. తను కుట్టిందాని వల్లే తన చేతులు పోయాయని తెలిస్తే బతకదు. బోర్డు పోయింది, మార్చానని చెప్పు. నీకు పుణ్యం ఉంటది" అన్నాడు గొంతు తగ్గించి.

కిరణ్ తలూపాడు. వాళ్ళు ఇంట్లోకి వచ్చేసరికి మరిడమ్మ వంటగదిలో ఉంది, రెండు అరచేతుల మధ్య మజ్జిగ గ్లాసు పట్టుకుని. మంచం మీద ఉన్న మనిషి ఎప్పుడు లేచిందో త్రిమూర్తులు ఆలోచించలేదు. వంటగది కిటికీ పెరట్లోకేనన్న సంగతి కూడా ఆ క్షణాన అతనికి గుర్తు లేదు.

"ఏంటంట మావా? తేమేనా?" అంది.

"తేమే. బోర్డు తడిసిందంట. మార్చాడు."

"నువ్వు ముందే చెప్పావు కదా" అంది మరిడమ్మ, గ్లాసు కిరణ్‌కి అందిస్తూ.

ఆ మర్నాటి నుంచి త్రిమూర్తులు ఆవిడ లేవకముందే పెరట్లోకి వెళ్ళి, కవరు తీసి, నీళ్ళు కాగాక మళ్ళీ తొడిగి నాడా బిగించేవాడు. తర్వాత "మరిడా, నీళ్ళు కాగాయే" అని కేకేసేవాడు. మగ్గుతో తనే పోసేవాడు. పోస్తున్నంతసేపూ ఒకే మాట గొంతు దాకా వచ్చేది. తప్పు నీ కుట్టుది కాదే, నాది. ఆ మాట చెప్పాలంటే కవరు సంగతి చెప్పాలి. కవరు సంగతి చెప్పలేడు. అందుకని వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని, వేడినీళ్ళలో మెల్లగా రాసేవాడు. నొప్పి తగ్గింది గానీ వేళ్ళు తిన్నబడలేదు. ఆలస్యమైపోయిందని డాక్టరు చెప్పాడు.

వానల్లో ఆవిడకి జ్వరం పట్టుకుంది. కాకినాడ తీసుకెళ్ళారు. తిరిగి ఊరికి మనిషిగా రాలేదు.

దినాలన్నీ అయ్యాక వీరదుర్గ ఇల్లు సర్దుతూ, మిషను మీద పండగ కవరు తీసింది. సొరుగులో మడత పెట్టిన గుడ్డ ఒకటి కనిపించింది. "నాన్నా, ఇదేంటి?" అని తెచ్చి ఇచ్చింది.

త్రిమూర్తులు విప్పి చూశాడు. ఎర్రపూల గుడ్డ. ముందు చిన్న కిటికీ, దానికి రెప్ప. గీజరు కవరు. తువ్వాలు లేదు, రెగ్జిను లేదు, నాడా లేదు. అడుగున, సరిగ్గా ఆ చిల్లులు వచ్చే చోట, గుడ్డ కత్తిరించేసి దోమతెర ముక్క వేసి ఉంది. కుట్టు కప్పగంతులు వేసింది. ఒకచోట దట్టంగా, ఒకచోట విడివిడిగా, ఒకచోట అంచు తప్పి బయటికే పోయింది. మరిడమ్మ చేతిలో అంత అధ్వాన్నమైన కుట్టు ఎప్పుడూ పడలేదు. ఒక పక్క అసలు కుట్టనే లేదు, తెరిచే ఉంది.

ఆ మధ్య దోమతెర మూల ఎలక కొట్టేసిందని ఆవిడే చెప్పింది. అతను ఆ ఎలక కోసం బోను కూడా పెట్టాడు. సాయంత్రాలు తను రేవుకి వెళ్ళినప్పుడు ఈ పని చేసి ఉంటుంది. మోచేత్తో గుడ్డ నొక్కిపట్టి, మణికట్టుతో తోస్తూ.

అంటే వంటగదిలో అంతా విన్నది. విని, నువ్వు ముందే చెప్పావు కదా అని అతని మాటే నిలబెట్టింది. నీ తేమ వల్ల నా చేతులు పోయాయి మావా అని ఒక్కనాడూ అనలేదు. రోజూ తెల్లారకుండా అతను దొంగలా లేచి కవరు తియ్యడం కూడా ఆవిడకి తెలుసు. ఆ పని అతనికి తప్పించడానికే ఇది మొదలుపెట్టింది.

త్రిమూర్తులు ఏడవలేదు. పిన్నీసులు ఇమ్మని కూతుర్ని అడిగాడు. కుట్టని పక్కని పిన్నీసులతో కలిపాడు. పెరట్లోకి వెళ్ళి, నాడా కవరు తీసేసి, దీన్ని గీజరుకి తొడిగాడు. ఎక్కడా వదులు లేదు. స్విచ్చి వేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అంకెలు పైకెక్కాయి. కవరు తర్వాత కవరు మార్చినన్నాళ్ళూ ఆగిన గీజరు ఈ కవరుతో ఆగలేదు. ఎర్ర దీపం వెలగలేదు.

"మరిడా" అన్నాడు. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్న మాట ఇప్పుడు తిన్నగానే బయటికొచ్చింది. "నీ కుట్టు బాగానే ఉందే. తప్పు నాది."

తర్వాత, అంకెలు నిండాక, రోజూ పిలిచినట్టే "నీళ్ళు కాగాయే" అని ఇంట్లోకి కేకేశాడు.

ముందు గదిలో వీరదుర్గ ఆ కేక విని నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఎవరో ఒకరు వెళ్ళాలి కాబట్టి, కళ్ళు తుడుచుకుని, బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.