అబద్ధం లేని గోడరాత

మా పేటలో డిగ్రీ పూర్తిచేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయిన ఆ రోజుల్లో, నాకు ఉద్యోగం లేకపోయినా తీరిక మాత్రం ఉండేది కాదు. పింఛను అర్జీలు, పెళ్లి శుభలేఖలు, చర్చిలో క్రిస్మస్ ప్రకటనలు, చివరికి తప్పిపోయిన గేదె ఆనవాళ్లు కూడా నేనే రాసిపెట్టేవాణ్ణి. (గేదె దొరికింది. అది నా శైలి గొప్పతనం కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) అక్షరం గుండ్రంగా ఉండాలి, వాక్యంలో అసత్యం ఉండరాదు అని నాకు రెండు నియమాలుండేవి. ఆ రెండో నియమమే మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

ఊరి బస్టాపు పక్కన ఒక గదిలో అప్పుడే సెట్టు మామ పళ్ల ఆసుపత్రి తెరిచాడు. కట్టుడు పళ్ల సెట్లు చేస్తానని చెప్పుకునేవాడు గనక ఆ పేరు. మామ అన్నది ఊరందరూ కలిపిన వరస. ఒంగోలులో ఒక దంతవైద్యుడి దగ్గర పన్నెండేళ్లు పనిముట్లు కడిగి, చూసి చూసి పళ్లు పీకడం నేర్చుకున్నాడు. ఒక పాత మంగలి కుర్చీ, రెండు పటకార్లు, వాటిని ముంచడానికి స్టీలు క్యారేజీలో మందునీళ్లు, ఇంతే ఆసుపత్రి. గోడ మీద తన పేరు పక్కన బి.డి.ఎస్. అని రాసిపెట్టమని నన్ను పిలిచాడు.

"అది చదివినవాళ్లు పెట్టుకునేది మామా. నేను రాయను."

"ఏరా, అయిదేళ్లు చదివినోడు పీకినా పన్నే ఊడుద్ది, నేను పీకినా పన్నే ఊడుద్ది. మూడక్షరాలకే నీ బ్రష్షు అరిగిపోద్దా?"

"అసత్యం రాయను. కావాలంటే ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

రెండు రోజులు ఆలోచించి, ఎర్ర ఎనామిల్ రంగుతో రాశాను: 'ఒంగోలు నగరమందలి దంత వైద్యశాలలో పన్నెండు సంవత్సరముల అనుభవము గలవారిచే దంత సేవలు.' అందులో ఒక్క అబద్ధం లేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి నా నిజాయితీని చూసి నేనే మురిసిపోయాను. మామ భుజం తట్టి, "మీ ఇంట్లో ఎవురికి పన్ను నొచ్చినా ఊరికే పీకుతాలేరా" అని వరమిచ్చాడు.

ఆ వరం మిరప కోతల కాలంలో ఫలించింది. అమ్మ దవడ పన్ను నొప్పిని లవంగం ముక్కతో అణిచిపెట్టుకుని కోతకు వెళ్లేది. చదువుకున్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే గుంటూరే. "పోను రాను ఒక రోజు పోద్దిరా, కోతలు కానీ" అనేది. నేను ఒక పోటీ పరీక్ష రాసి ఇంటికి వచ్చేసరికి ఆ పన్ను లేదు. "ఊరికే పీకుతానన్నాడుగా" అంది సంతోషంగా. మూడో రోజుకు మెడ దాకా వాచింది. నోరు తెరుచుకోలేదు, ఉమ్మి కూడా మింగలేకపోయింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దవడ కింద కోసి చీము తీయాలని చెప్పి, పీకిందెవరని అడిగింది.

అమ్మ పళ్ల మధ్య నుంచే, "డాకటరేనమ్మా. మా అబ్బాయే రాశాడు గోడ మీద" అంది.

"నీకు చదువొచ్చా?"

"రాదమ్మా. వాడి రాత గుర్తుపడతా. వాడు అబద్ధం రాయడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏం రాశారండీ?"

వాక్యమంతా స్పష్టమైన ఉచ్చారణతో అప్పజెప్పాను. (ఆ స్థితిలో కూడా 'నగరమందలి' వదల్లేదు.) ఆమె చివరిదాకా విని, నవ్వకుండా, "చాలా బాగా రాశారు. ఇంకొక్క రోజు ఆగుంటే మీ అమ్మగారికి ఊపిరాడేది కాదు" అంది.

అమ్మ బతికింది. ఇంటికి తెచ్చిన మర్నాడే పిడుగురాళ్ల సున్నం కలుపుకుని గోడ దగ్గరికి వెళ్లాను. మామ అడ్డం నిలబడ్డాడు. "నా పొట్ట కొడతావేందిరా? అందులో ఒక్క అబద్ధం లేదన్నావుగా!" చేత్తో ఆయన్ని పక్కకు జరిపి, పూసేశాను. కొన్నాళ్లకు గదికి తాళం పడింది. కనిగిరి వైపు వెళ్లాడని విన్నాను. అక్కడ గోడ మీద ఏ పట్టభద్రుడు రాసిపెట్టాడో!

ఇప్పుడు నేను బడిపంతుల్ని. అమ్మ నోరు ఇప్పటికీ రెండు వేళ్ల వెడల్పుకు మించి తెరుచుకోదు. అన్నం చిన్న చిన్న ముద్దలుగా తింటుంది. ఎనామిల్ మీద సున్నం నిలవదని నాకు ఎవరూ నేర్పలేదు. ప్రతి వానాకాలం కడిగేశాక 'పన్నెండు సంవత్సరముల అనుభవము' ఎర్రగా బయటపడుతుంది. వానలు వెలిశాక మేమిద్దరం బకెట్టుతో వెళ్తాం. అమ్మ దవడ మచ్చ మీదికి కొంగు లాక్కుని, కింద నిచ్చెన పట్టుకుని, "ఆ చివరి అక్షరం ఒక్కటీ ఉండనీరా, ఎంత గుండ్రంగా ఉందో" అంటుంది.

టీ కొట్టు దగ్గర మురిసిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నాకూ నవ్వొస్తుంది. నవ్వుతూనే, ముందుగా ఆ అక్షరం మీదే సున్నం వేస్తాను.